మంగాయి కడవ

ఈ కథ నాయనమ్మ చెప్పిందో, మేనత్త చెప్పిందో ఇప్పుడు నిశ్చయంగా తెలియదు. ఊరి పేరైతే పూర్తిగా మరుపున పడింది. గుడ్డల మీద అచ్చులద్దే వాళ్ల ఊరు. రైలు కూత ఇంకా ఎవరూ వినని కాలం.

ఆ ఊరి బడికి నీళ్లు మోసే మనిషి మంగాయి. ఆ బడికొక కట్టుబాటు ఉండేది. పొద్దున్నే పంతులుగారు పేరు పిలిస్తే పిల్లలు "వచ్చానండి" అనాలి. వరుసగా మూడు రోజులు పలకని పిల్లకు నాలుగో రోజు బడిలో చాప ఉండదు.

కనకం అనే పిల్ల పలకలేదు. వినబడక కాదు. ఎక్కడో చినుకు పడినా తల తిప్పేది.

"మొండిఘటం," అన్నారు పంతులుగారు.

మొండితనమేనా? మంగాయికి అది తేలలేదు.

మొదటి రోజు పలకలేదు. మంగాయి దగ్గర కూర్చుని, "దాహమా? ఆకలా? అమ్మ కావాలా తల్లీ?" అని గుక్క తిప్పుకోకుండా అడిగింది. కనకం చెవులు మూసుకుంది.

రెండో రోజూ పలకలేదు. ఈసారి మంగాయి "దాహమా?" అని ఒక్కటే అడిగి బావి దగ్గరికి వెళ్లింది. కడవ నింపుకొని వచ్చేసరికి పిల్ల ముంత పట్టుకుని నిలబడి ఉంది.

"ఓసి నీ! నీ జవాబు నడిచి వస్తుందన్నమాట. దారికి నేనే అడ్డం కూర్చున్నాను," అని మంగాయి నవ్వింది.

ఆ సాయంత్రం అరిగిన అచ్చులు అడిగి తెచ్చి, మూడు గుడ్డపీలికల మీద అద్దింది. ఒకటి కడవ, ఒకటి చిలుక, ఒకటి మామిడిపిందె. కనకం మామిడిపిందెను చెంపకు ఆనించుకుని వదలలేదు.

"సరే, ఇది నువ్వు," అంది మంగాయి, దాన్ని పిల్ల గుండె మీద ఉంచి.

మూడో రోజు.

"కనకం!"

కనకం చేతిలోని మామిడిపిందె పీలికను తడుముకుంది. పంతులుగారు చాప చుట్టమనబోయారు.

"అయ్యగారూ, ఒక్క కడవ నిండనీయండి."

"నీళ్లకూ దీనికీ ఏమిటే సంబంధం?"

"నిండాక చూద్దామండి."

చేద బావిలోకి దిగింది, లేచింది. దిగింది, లేచింది. మూడోసారి దిగి లేచాక కడవ అంచుదాకా నిండింది. కనకం లేచి వచ్చి మామిడిపిందెను పంతులుగారి అరచేతిలో పెట్టింది.

"ఏమిటిది?"

"వచ్చానంటోందండి."

"ఇంతసేపా?"

"తమరు త్వరగా అడిగారు. అది నిదానంగా చెప్పింది."

పంతులుగారు ఆ పీలికను చాలాసేపు చూశారు. "చాప అక్కడే ఉండనీ," అన్నారు.

మంగాయి పోయి ఎన్ని తరాలైందో. ఆ ఊళ్లో ఇప్పటికీ పిల్లలను ఒక మాట అడిగాక పెద్దలు నోరు కట్టుకుని ఊరుకుంటారట. కొత్తవాళ్లు తొందరపడితే, "మంగాయి కడవ నిండనీయండి" అంటారట.

తర్వాత కనకం నోరు విప్పి మాట్లాడిందా అని విన్నవాళ్లందరూ అడుగుతారు. అదీ కథలో ఉంది. కావాలనే వదిలేశాను.