పరదేశుల బిళ్లలు

ఉప్పుమళ్ల కామందు జోగయ్య పరదేశి కూలీలను దింపి, రాజుగారు వాళ్లకిచ్చిన పని అనుమతి బిళ్లలను తన పెట్టెలో దాచుకున్నాడు. బిళ్ల చూపనిదే ఇంకెవరూ పనివ్వరు. దాంతో వాళ్లు అతనిచ్చినదానికే చేయాల్సి వచ్చి, ఊళ్లో అందరి కూలీ నాలుగు మానికల గింజల నుంచి రెండుకు దిగింది. పరదేశులను తరిమేయమని ఊరివాళ్లు దర్బారుకు వెళ్లారు.

“వాళ్లు నా మీద అభిమానంతో రెండుకే చేస్తున్నారు ప్రభూ! వీళ్లకే వచ్చింది కష్టం!” అన్నాడు జోగయ్య.

ఊరివాళ్లతో వచ్చిన, ఉప్పు మోసే నూకాలుకు నవ్వొచ్చింది. “అయితే వాళ్లను ఉండనీండి మారాజా. అంత అభిమానమున్నప్పుడు బిళ్లలు పెట్టెలో ఎందుకు? వాళ్ల చేతికే ఇప్పించండి.”

“అమ్మో! ఇస్తే రేపే పక్క మళ్లకు పోతారు!”

రాజు నవ్వి, “ఇచ్చెయ్యవయ్యా,” అన్నాడు.

మర్నాడు జోగయ్య గడపగడపకూ తిరిగి, ఊరివాళ్లనీ పరదేశులనీ నాలుగు మానికలకు రమ్మని పిలిచాడు.

“మీ మీద అభిమానం లేక కాదు బాబూ,” అంది నూకాలు, “పక్క మళ్లలో అయిదిస్తామంటున్నారు.”