సిద్ధవ్వ బాట

ఇది ఎప్పటి మాటో ఎవరికీ తెలియదు. మా తాతకు వాళ్ళ తాత చెప్పాడట. ఆయన నాటికే అది పాత మాటట.

గుట్టల నడుమ ఒక గొర్లకాపరుల పల్లె ఉండేది. పల్లె పక్క నుంచి వాగు పారేది. ఆ పల్లెలో సిద్ధవ్వ అని ఒక మనిషి ఉండేది. భూమి లేదు, బలగం లేదు, నలుగురిలో నోరెత్తి మాట్లాడే అలవాటూ లేదు. కానీ ఆమె బతుకు మూడుసార్లు మలుపు తిరిగింది. అది చెబుతాను వినండి.

మొదటి మలుపు నాటికి సిద్ధవ్వ చిన్నపిల్ల. తల్లి చెల్లెల్ని కన్నది, కన్న రోజే కన్నుమూసింది. తండ్రి గోడకు చేరగిలబడి అలాగే ఉండిపోయాడు. పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తోంది. సిద్ధవ్వ కూడా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు తుడుచుకుంది.

"అయిందేదో అయింది నాయినా. ఇప్పుడేం జేద్దాం?" అంది.

తనే లేచి గొర్రెపాలు పితికింది. గుడ్డపీలిక ముంచి పసిదాని నోట్లో పెట్టింది. ఆ పసిగుడ్డు బతికింది, పెరిగింది, పెళ్ళై అత్తారింటికి పోయింది.

రెండో మలుపు నాటికి సిద్ధవ్వకూ పెళ్ళయింది. చంకలో కొడుకు, పేరు బీరయ్య. మొగుడు మందను తోలుకొని దూరదేశం మేతకు పోయాడు. పోయినవాడి మీద పిడుగు పడింది. మంద వచ్చింది, మనిషి రాలేదు.

కులపెద్ద వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "మందను నీ మరిదికి అప్పజెప్పు సిద్ధవ్వా. ఆడమనిషి గొర్లెంబడి పోవుడు మన ఇంటా వంటా లేదు" అన్నాడు.

సిద్ధవ్వ ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు తుడుచుకుంది. "అయిందేదో అయింది పెద్దయ్యా. ఇప్పుడేం జేద్దాం?" అంది. ఆయన మళ్ళీ మరిది పేరే ఎత్తాడు. ఆమె మొగుడి కర్ర అందుకుంది, కొడుకును గొంగడిలో వీపున కట్టుకుంది, మంద వెంట నడిచింది.

ఏం తెలుసు ఆమెకు? మొదటి ఏడాది గొర్రెపిల్లలెన్నో చచ్చాయి. తోడేలు కొన్నింటిని ఎత్తుకుపోయింది. మనుషుల ముందు ఏడిస్తే నవ్వుతారని మంద నడుమ కూర్చుని ఏడ్చేది. గొర్రెలకు ఉప్పంటే ప్రాణం గదా! ఒక ముసలి గొర్రె రోజూ వచ్చి ఆమె చెంపలు నాకేది. ఏడుస్తూ ఏడుస్తూనే సిద్ధవ్వకు నవ్వొచ్చేది. అట్లా నేర్చుకుంది. కొన్నేళ్ళు పోయేసరికి, ఆమె నాలుకతో 'ట్రుయ్' అంటే చాలు, మందంతా ఒక్కసారి తలెత్తేది.

ఇక మూడో మలుపు. అది చెప్పాలంటే నాకే నోరు రాదు.

బీరయ్య ఎదిగాడు, నిలువెత్తు మగాడయ్యాడు. వాడికి ఓదెలు అని ఒక జతగాడు. ఇద్దరూ ఒకరినొకరు 'బావా' అని పిలుచుకునేవాళ్ళు. ఒక వానకాలం ఇద్దరూ గొర్లు తోలుకొస్తున్నారు. వాగు ఎర్రగా పారుతోంది.

"ఆగుదాం బావా, నీళ్ళు తగ్గనీ" అన్నాడు బీరయ్య.

"ఇంత నీళ్ళకు భయమా? ఇల్లు కనబడుతుండగా ఇక్కడ తడుసుడేంది?" అని ఓదెలు దిగాడు.

నడుమకు పోయేసరికి పైనుంచి వరద పోటు వచ్చింది. ఓదెలు కాలు జారింది. బీరయ్య దూకాడు, వాణ్ణి పట్టాడు, బండ మీదికి నెట్టాడు. తాను మాత్రం కొట్టుకుపోయాడు.

వాగు దిగువన ఒడ్డుకు చేరిన బీరయ్యను మట్టిచేసి వచ్చారు. సిద్ధవ్వ గడప దగ్గర కూర్చుంది. ఈసారి ఏడవలేదు. 'ఇప్పుడేం జేద్దాం' అనలేదు. అంబలి పోసిస్తే చల్లారిపోయింది. మంద అరుస్తున్నా తలెత్తలేదు. ఇక ఈమె కూడా దక్కదనుకున్నారు జనం. ఊరంతా ఓదెలును తిట్టింది. కులపెద్ద "వాడు నా కండ్ల పడొద్దు" అన్నాడు.

ఒక పొద్దున ఓదెలు తల్లి వచ్చి వాకిట్లో నిలబడింది. లోపలికి రాదు, వెనక్కి పోదు. సిద్ధవ్వ ఆమెను చూసింది.

"నీ కొడుకేడి?" అంది.

"గుట్టల్లకు పోయిండక్కా. మొన్న పోయిండు. కొండకొమ్ము నుంచి దుంకి సస్తనని పోయిండు. ఎవ్వరూ ఎతకపోతలేరు."

సిద్ధవ్వ గడప పట్టుకొని లేచింది. "వాడు సస్తే నా కొడుకెందుకు సచ్చినట్టు?" అని అరిచింది. అరుస్తూనే కర్ర పట్టుకొని గుట్టల దారి పట్టింది.

మొదటి గుట్ట వెతికింది, లేడు. రెండో గుట్ట వెతికింది, లేడు. మూడో గుట్ట కొమ్మున ముడుచుకొని కూర్చున్నాడు ఓదెలు.

"నన్ను కొట్టత్తా. సంపినా సంపు" అన్నాడు.

సిద్ధవ్వ కొట్టింది. చెంప మీద ఒక్కటి గట్టిగా కొట్టింది. కొట్టిన చేతిని చూసుకుంది. అప్పుడొచ్చింది ఏడుపు, ఇన్నాళ్ళూ రానిది. ఇద్దరూ ఆ బండ మీద కూర్చుని ఏడ్చారు.

"నడువ్" అంది చివరికి.

దిగుతున్నారు. ఏం మాట్లాడాలో ఆమెకు తోచలేదు, ఊరుకోనూ లేకపోయింది. ఎందుకో తన కథ మొదలుపెట్టింది. తల్లి పోయిన రోజు, గొర్రెపాలు, గుడ్డపీలిక. అంతకుముందు ఎవరికీ చెప్పనిదంతా చెప్పింది. ఆమె ఆగినప్పుడల్లా వాడు "తర్వాతత్తా?" అనేవాడు. పిడుగు గురించి చెప్పింది. ముసలి గొర్రె గురించి చెబితే ఓదెలు తడికళ్ళతోనే కొంచెం నవ్వాడు. బీరయ్య పుట్టుక చెప్పింది, వాడి మొదటి అడుగు చెప్పింది. చెబుతూ చెబుతూ వాగు దగ్గరికొచ్చారు. అక్కడ ఆమె ఆగిపోయింది.

ఓదెలు కష్టం మీద అడిగాడు, "తర్వాతత్తా?"

"తర్వాత నాకేమెరుక? నా కథల ఇప్పుడు నువ్వొచ్చి పడ్డవ్. నువ్వు జెయ్యి. నువ్వేం జేస్తే అది జెప్పుకుంట" అంది సిద్ధవ్వ.

వాడు వాగు వైపు తిరిగాడు. "నేనీడనే ఉంటత్తా. వానకాలం ఒక్కణ్ణి కూడ పోటుకు దిగనియ్య" అన్నాడు.

అన్నట్టే ఒడ్డున గుడిసె వేసుకున్నాడు. పోటు వస్తే ఎంత పెద్దవాడినైనా ఆపేవాడు. కులపెద్ద కూడా ఒకసారి వానకు తడిసి ఆ గుడిసెలో కూర్చోవాల్సి వచ్చింది. ఓదెలు పోసిన అంబలి తాగాడు, ఆ తర్వాత వాణ్ణి ఒక్క మాటా అనలేదు. వాడు బతికున్నన్నాళ్ళూ ఆ వాగు ఇంకో మనిషిని మింగలేదు.

ఆనాటి నుంచి మనసు విరిగినవాళ్ళు సిద్ధవ్వ దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆమె బుద్ధులు చెప్పేది కాదు, "ఏడవకు" అనేది కాదు. "నడువ్" అని వాగు దాకా తీసుకుపోయేది, తన కథ చెప్పేది. ఏటేటా ఆ కథ పెరిగింది. ఓదెలు ఆపిన మందలు అందులోకి వచ్చాయి, ఓదెలు పెళ్ళి వచ్చింది, వాడి పిల్లలు వచ్చారు.

సిద్ధవ్వ పండు ముసలిదై కన్నుమూసింది. ఆమెను మట్టిచేసిన రోజు, తల నెరిసిన ఓదెలు జనాన్ని వాగు దాకా నడిపించి ఆమె కథంతా మొదటినుంచి చెప్పాడు. జనం "తర్వాత? తర్వాత?" అంటూ విన్నారు.

ఇప్పటికీ ఆ వైపు ఎవరింట్లోనైనా మనిషి పోతే ఓదార్పు మాటలు చెప్పరు. దుఃఖంలో ఉన్నవాళ్ళను ఒక పెద్దమనిషి వాగు దాకా నడిపిస్తూ తన బతుకు కథ చెబుతాడు. ఎక్కడ విరిగిందో చెబుతాడు, మళ్ళీ ఎట్లా లేచాడో చెబుతాడు. ఆ దారిని సిద్ధవ్వ బాట అంటారు. తిరిగొచ్చాక ఒక్కటే అడుగుతారు, "నీ కథ అయిపోయిందా, ఇంకా ఉందా?" అని.

"ఉంది" అన్నవాళ్ళకు అంబలి పోస్తారు. అననివాళ్ళకూ పోస్తారు, తెల్లారి మళ్ళీ నడిపిస్తారు.