ఉడుము మింగేసిన మాట

అనగనగా ఒక అడవిలో, రెండు కొండల మధ్య, లోతైన మడుగు ఒకటి ఉండేది. ఊఁ కొట్టండి మరి, కొట్టకపోతే కథ ఇక్కడే ఆపేస్తాను.

ఆ మడుగు గట్టంతా రాతి మెట్లే. ఎవరూ చెక్కినవి కావు, వాగు నీళ్లే కోసుకుంటూ పోయినవి. గట్టు నడుమ నున్నటి తెల్లరాయి ఉండేది. జంతువులు దాన్ని గడప అనేవి. గడప అంటే సున్నా. అక్కణ్ణుంచి పైకి పోతే ఎక్కుడు ఒకటి, ఎక్కుడు రెండు. కిందికి పోతే దిగుడు ఒకటి, దిగుడు రెండు. ఎవరి ఇల్లు ఎక్కడో, నీళ్లు ఎక్కడున్నాయో, అన్నీ ఆ లెక్కలోనే చెప్పుకునేవి.

రోజూ పొద్దున్నే నీళ్లు చూసి చాటింపు వేసేది ఉడుము పట్టాభి. మంచివాడే. కానీ ఏది పట్టుకున్నా వదలడు, ఉడుమంటే ఉడుమే. చాలా ఏళ్లుగా నీళ్లు గడప దాటి పైకి రాలేదు. "ఎప్పుడూ దిగుడే కదా, ఇంక ఆ మాట చెప్పడం దేనికి?" అనుకున్నాడు. దిగుడు తొమ్మిది అనాల్సిన చోట తొమ్మిది అని ఊరుకునేవాడు. వినేవాళ్లకూ అలాగే అలవాటైపోయింది.

సూదమ్మ అనే ఏదుపంది ఇల్లు దిగుడు నాలుగులో ఒక బొరియ. ఆమెకు ముగ్గురు పసిపిల్లలు. ఒక్కరికీ ఇంకా మెట్టు ఎక్కడం రాదు.

ఆ ఏడు ఎక్కడో పైకొండల మీద వానలు పట్టాయి. మడుగు దగ్గర మాత్రం చినుకు పడలేదు.

మొదటి రోజు పట్టాభి "తొమ్మిది" అని అరిచాడు. రెండో రోజు "ఏడు" అన్నాడు. మూడో రోజు "ఐదు" అన్నాడు.

"తొమ్మిది, ఏడు, ఐదు. నీళ్లు తగ్గిపోతున్నాయర్రా" అన్నాయి కుందేళ్లు. వరద భయం లేదని చంకలు గుద్దుకున్నాయి.

సూదమ్మ మాత్రం తన కాళ్ల వంక చూసుకుంది. తర్వాత పట్టాభి దగ్గరికి వెళ్లింది.

"మావా, మొన్న నీళ్లు తాగడానికి ఇంటి నుంచి ఐదు మెట్లు దిగాను. నిన్న మూడే దిగాను. ఇవాళ ఒక్కటే. నీళ్లు తగ్గితే నాకు నడక పెరగాలి కదా?"

"తొమ్మిది పెద్దదా, ఐదు పెద్దదా?" అన్నాడు పట్టాభి.

"పైన అయితే తొమ్మిదే పెద్దది. కింద అలా కాదు మావా. దిగుడు తొమ్మిది కన్నా దిగుడు ఐదే ఎత్తు. నువ్వు ఆ దిగుడు అన్న మాట మింగేశావు. అందుకే మనందరికీ లెక్క తిరగబడింది. నీళ్లు మా గుమ్మం కిందికి వచ్చేశాయి."

"ఇన్నేళ్లుగా చాటుతున్నాను. నాకు చెప్పొచ్చావా?" అని పట్టాభి మొహం తిప్పుకున్నాడు.

అంతలో లకుముకి పిట్ట రొప్పుకుంటూ వచ్చి వాలింది. "సూదమ్మొదినా, పైవాగు ఎనిమిది మెట్లు లేచింది. అక్కడ ఎంత లేస్తే ఇక్కడా అంతే లేస్తుంది. సాయంత్రానికి వచ్చేస్తుంది."

"ఐదూ ఎనిమిదీ పదమూడు" అన్నాడు పట్టాభి. "నీళ్లెప్పుడూ గడప కిందే కదా, పదమూడంటే పాతాళంలో ఉంటాయి. పోయి పడుకోండి."

సూదమ్మ తన బొరియ వైపు చూసింది. తప్పు అడుగు వేస్తే ముగ్గురు పిల్లలూ పోతారు. ఒళ్లు విదిలించి, రాలిన ముళ్లలో ఎనిమిది ఏరుకుంది. నీళ్లు ఉన్న దిగుడు ఐదు మీది నుంచి రాతి పగుళ్లలో మెట్టుకొక ముల్లు గుచ్చుతూ ఎక్కింది. మొదటి ముల్లు తన ఇంటి ముందే పడింది. దిగుడు నాలుగు. తర్వాత మూడు, రెండు, ఒకటి. ఐదో ముల్లు గడప మీద పడింది.

"అయితే గడప పక్కన కూర్చుంటే చాలు" అన్నాయి కుందేళ్లు.

"నా దగ్గర ఇంకా మూడు ముళ్లున్నాయి" అంది సూదమ్మ. వాటిని ఎక్కుడు ఒకటి, రెండు, మూడు మీద గుచ్చింది. "ఐదు మెట్లు గడప దాకా రావడానికే సరిపోయాయి. మిగిలిన మూడూ గడప మీదికి. ఎక్కుడు నాలుగు చేరితేనే బతుకుతాం."

మూడుసార్లు దిగింది, మూడుసార్లు ఎక్కింది. ఒక్కో పిల్లనూ నోట కరుచుకుని మోసింది. కుందేళ్లూ ఆమె వెనకే ఎక్కాయి. పట్టాభి మాత్రం గడప రాయిని గోళ్లతో పట్టుకుని కదల్లేదు.

సాయంత్రం నీళ్లు వచ్చాయి. హోరు లేదు, ఉరుము లేదు. నిండుగా, నెమ్మదిగా లేచాయి. మొదటి ముల్లు మునిగింది, సూదమ్మ ఇల్లు మునిగింది. రెండో ముల్లు, మూడో ముల్లు, నాలుగో ముల్లు. ఇన్నేళ్లూ తాము దిగి తాగిన మడుగు ఇప్పుడు తమ దగ్గరికే ఎక్కి వస్తోంది. భయంగానూ ఉంది, అందంగానూ ఉంది.

నీళ్లు గడపను తాకాయి. అక్కడ ఒక్క క్షణమైనా ఆగలేదు. జంతువులకు అది సున్నా, నీళ్లకు అది మరో మెట్టు. పట్టాభి తోక తడిసింది, పొట్ట తడిసింది.

"మావా, రాయి వదిలెయ్" అని సూదమ్మ కేకేసింది. "నాలుగు మెట్లు ఎక్కు. నా పక్కన చోటుంది."

పట్టాభి జీవితంలో మొదటిసారి పట్టు వదిలాడు. ఎక్కుడు నాలుగు చేరి వెనక్కి చూశాడు. ఆరో ముల్లు మునిగింది. ఏడోది మునిగింది. ఎనిమిదో ముల్లు మొదట్లోకి వచ్చి, దాన్ని కాస్త ఊపి, నీళ్లు నిలిచిపోయాయి.

అందరూ ఆ ముల్లునే చూస్తూ ఉండిపోయారు. పొద్దున సూదమ్మ వట్టి రాతి మీద గుచ్చిన ముల్లు అది. అంత పెద్ద నీరు వచ్చి సరిగ్గా దాని దగ్గరే ఆగింది. ఒక చిన్న లెక్క ఇంత నిజమా అని వాళ్లకు ఒళ్లు జలదరించింది.

మర్నాడు పొద్దున పట్టాభి గొంతు సవరించుకున్నాడు. "ఎక్కుడు మూడు" అని చాటాడు. కొన్నాళ్లకు నీళ్లు తీశాయి. "గడప" అన్నాడు. ఇంకొన్నాళ్లకు "దిగుడు నాలుగు" అన్నాడు. అప్పటినుంచి ఎంత బద్ధకంగా ఉన్నా అంకెకు ముందుండే మాట మాత్రం మింగలేదు.

దిగుడు ఐదు అని వినిపించిన రోజున సూదమ్మ పిల్లలు ముగ్గురూ తమ కాళ్ల మీదే మెట్లు దిగి ఇంటికి వెళ్లారు.

నీతి: అంకె ఎంతో చూస్తే చాలదు, అది సున్నాకు ఏ వైపున ఉందో కూడా చూడాలి. ఒక్క మాట మింగేస్తే లెక్కంతా తలకిందులవుతుంది.