వీపు వెనక చుక్క

తెలివి భూమ్మీదకి వచ్చినప్పుడు ముందు గంగన్న ఇంట్లోనే దిగిందట. వాళ్ళు వాడి వదిలేసిందే మిగతా లోకానికి దక్కిందని ఆ ఇంటిల్లిపాది నమ్మకం. గంగన్న, పెళ్ళాం చెల్లాయమ్మ, వయసు మీరినా పెళ్ళికాని కొడుకు సత్తెబ్బాయి. ముగ్గురూ ముగ్గురే.

ఒకనాడు పడమటి ఊరి నుంచి కబురొచ్చింది. ఈ సాయంత్రం పిల్లను చూడ్డానికి రాకపోతే వేరే సంబంధం ఖాయం చేసుకుంటామని. ఇదీ తప్పితే ఇక తన మొహం చూసేవాళ్ళు లేరని సత్తెబ్బాయికీ తెలుసు. పురోహితుణ్ణి అడిగితే, పొద్దుగుంకగానే పడమట కిందుగా వెలిగే పెద్ద చుక్క శుక్రుడనీ, ఆయన ఎదురైతే పెళ్ళి తప్పిపోతుందనీ, వీపు వెనకే ఉంచుకొమ్మనీ చెప్పాడు.

అంతే. పొద్దుగుంకింది. తాటితోపు మీద చుక్క కొబ్బరికాయంత వెలిగింది. పిల్లకి పెట్టే చీరా పళ్ళూ ఎడ్లబండిలో వేసుకుని, ముగ్గురూ చుక్కకి వీపు పెట్టి, పడమటి ఊరికి వెనక్కి నడిచారు.

"మరి ఎద్దులకి ఎదురు కాదా?" అంది చెల్లాయమ్మ.

నిజమే కదా అని బండిని కూడా తూర్పుకి తిప్పారు. ఇంకేముంది, చీరా పళ్ళతో సహా ఎద్దులు తిన్నగా ఇంటికి పోయాయి.

సత్తెబ్బాయి ముందు గడ్డివాములో కూలబడ్డాడు. తర్వాత కుమ్మరి కుండల మీద. ఆ చప్పుడు సముద్రం దాకా వినబడిందట. ఆపైన పేడగుంతలో. లేచినప్పుడల్లా చుక్క వెనకే ఉందా అని అడిగేవాడు. చూస్తే ఎదురవుతుందని ఎవరూ చూడలేదు.

చివరికి వీపులు పిల్ల ఇంటి అరుక్కి తగిలాయి. వాకిటికేసి తిరిగి కూర్చున్నారు. పిల్ల నూకరత్నం వచ్చి వాళ్ళ వెనక నిలబడింది. కుర్రాడికి సిగ్గనుకుని, కళ్ళెత్తి బాగా చూసి చెప్పమన్నాడు పిల్ల తండ్రి.

సత్తెబ్బాయి కళ్ళెత్తాడు. ఎదురుగా వాకిట్లో గేదె నెమరేస్తోంది.

"నచ్చింది మావయ్యా. కొమ్మొకటి కాస్త వంకర. అయినా సర్దుకుంటాను."

పిల్ల తండ్రికి ఒళ్ళు మండింది. "అంత నచ్చితే దాన్నే తోలుకుపో."

"ఇచ్చి పంపెయ్ నాన్నా," అంది వెనక నుంచి నూకరత్నం. "గేదె పోతే పోయింది, నేను బతికాను."

ఇంకేముంది, తోలుకొచ్చేశారు. తిరుగుదారిలో చుక్క దానంతటదే వెనకుంది. పురోహితుడి మాటకి తిరుగులేదని మురిసిపోయారు.

గుమ్మం దగ్గర చెల్లాయమ్మ హారతి తిప్పి, కోడల్ని కుడికాలు ముందు పెట్టమంది. చూస్తే కోడలికి కుడికాళ్ళు రెండున్నాయి. ముందుదా, వెనకదా? కాసేపు పోట్లాడుకున్నారు. తప్పు కాలు పడితే కాపురం ఏమవుతుందోనని సత్తెబ్బాయికి ఏడుపొచ్చింది.

"అసలు కాలే కింద పెట్టనివ్వొద్దురా," అన్నాడు గంగన్న. "ఎత్తుకుని తీసుకెళ్దాం."

అంతే. ముగ్గురూ పంచెలూ చీరా ఎగ్గట్టి గేదె కిందికి దూరారు.