కలవని గోడ

పరదేశి మాస్టారు శిష్యుల చేతిలోని మౌస్ ముట్టుకునేవారు కాదు. తెరమీద గోడలు ఉన్నట్టుండి మాయమైనా, మెట్లు పైకప్పులోంచి పొడుచుకు వచ్చినా, పూటంతా చేసిన పని ఒక్క మీట నొక్కడంతో చెదిరిపోయినా ఆయన కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడి, “చివరిసారి ఎప్పుడు సరిగ్గా ఉంది? ఆ తరవాత నువ్వేం చేశావు?” అని అడిగేవారు. చాలామందికి ఆ జవాబు చెబుతూండగానే తప్పు దొరికేది. గోడల పొరను తామే దాచేసుకున్నారని ఒకరికీ, అడుగులకు బదులు మీటర్లు పెట్టుకున్నారని మరొకరికీ గుర్తొచ్చేది. అప్పటికీ దొరకనివాళ్ళని మాత్రం ఆయన ఇంకొక ప్రశ్న అడిగేవారు. “ఈ కొలత నీకెవరు చెప్పారు?”

విజయనగరంలో ఒక మందుల షాపు మేడమీద ఆయన గది. ముప్పై ఏళ్ళు బల్లమీద కాగితం పరిచి, పెన్సిలుతో ఇళ్ళ ప్లాన్లు గీసిన మనిషి. యాభై రెండో ఏట కంప్యూటర్ నేర్చుకున్నారు. ఇప్పుడు నలుగురైదుగురికి నేర్పుతున్నారు. వాళ్ళలో హైమావతి ఒకామె. పన్నెండేళ్ళు ఒక జెరాక్సు షాపులో పెళ్ళి కార్డులూ, అర్జీలూ టైపు చేసి, ఆ పని పల్చబడిపోయాక ముప్పై నాలుగేళ్ళ వయసులో ఈ విద్యకి వచ్చింది. చెయ్యి చురుకు. మాస్టారు ఒకసారి చూపించినది రెండోసారి అడిగేది కాదు. అడగడమంటే ఆమెకు నామోషీ.

అలాంటి మనిషి మే నెలలో ఒక సోమవారం పొద్దున్నే వచ్చి, ఆయన కాఫీ తాగడం పూర్తయ్యేదాకా ఆగి, “మాస్టారూ, ఒక సంగతి అడగాలి. తప్పు వచ్చినప్పుడు, అది ప్రోగ్రాందో నాదో ఎలా తెలుస్తుంది?” అంది.

“ఏం వచ్చింది?”

ఆమె చెప్పుకొచ్చింది. అప్పలనర్సమ్మ అని, బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ, హైమావతి తల్లికి స్నేహితురాలు. ఆవిడ పెంకుటింట్లో ముందు భాగం అలాగే ఉంచి, వెనక పడిపోయిన వంటిల్లు తీసేసి అక్కడ ఒక పడకగదీ, వంటగదీ కట్టుకోవాలనుకుంది. బడి తెరిచేలోగా పని కావాలి. తెరిచాక ఆవిడకి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. హైమావతి సొంతంగా గీసిన మొదటి ప్లాను అది. తనే టేపు పట్టుకెళ్ళి కొలిచింది. పాత గోడను ఆనుకున్న వైపు ఇరవై ఒక్క అడుగులు. రెండు పక్కలూ పదహారు. పెరటివైపు ఇరవై అడుగుల మూడంగుళాలు. ఆ అంకెలే కంప్యూటరుకి ఇచ్చింది. మూడు గోడలు బుద్ధిగా కలిశాయి. నాలుగోది తొమ్మిదంగుళాల ముందే ఆగిపోయింది. గది మూసుకోలేదని ప్రోగ్రాం ఎర్రగా చూపించింది. నేల పరుచుకోలేదు, వైశాల్యం రాలేదు, కప్పు కూర్చోలేదు.

“ఆపేసి మళ్ళీ తెరిచాను. కొత్త ఫైలులోకి మార్చి చూశాను. ప్రోగ్రాం మొత్తం తీసేసి మళ్ళీ వేశాను. గీతల కొసలు వాటంతటవే అతుక్కునే సెట్టింగు కూడా సరిచూశాను. ఏం చేసినా అదే ఖాళీ.”

“తరవాత?”

“ఆ గోడ కొస పట్టుకుని లాగాను. కలిసింది. ఎరుపు పోయింది.”

“ఎంత లాగావు?”

“తొమ్మిదంగుళాలు.”

“మరి పోయిందిగా. ఇంకా ఎందుకు అడుగుతున్నావు?”

ప్రింటు తీసి తాపీమేస్త్రీకి ఇచ్చి నాలుగు రోజులైంది. గురువారం పునాది తవ్వుతారు. ఆ గీత కలిసిన దగ్గర్నుంచీ, అన్నం తింటున్నా, బస్సులో కూర్చున్నా, తెరమీది ఆ మూలే కళ్ళముందు మెదులుతోంది. ఆమె ఆ ప్లాను తెరమీద తెరిచి, ఆ మూల మీద వేలు పెట్టింది.

ఈ కొలత నీకెవరు చెప్పారని మాస్టారు ఆమెను అడగలేదు. బల్ల సొరుగులోంచి పొడుగు టేపు తీసి, చెప్పులు వేసుకున్నారు. “పద. ఆ ఇల్లు చూపించు.”

వాళ్ళు వెళ్ళేసరికి ఎండ ఇంకా ముదరలేదు. వెనక భాగం శుభ్రం చేసి ఉంది. మేస్త్రీ ప్రింటు చూసుకుని అప్పటికే నాలుగు మూలలా నడుమెత్తు కర్రమేకులు దిగ్గొట్టి, వాటి తలలకు పురికొస బిగించి వెళ్ళాడు. తాను గీసిన గీత నేలమీద మొదటిసారి చూడడం హైమావతికి. ముందు మనసు పొంగింది. తరవాత పురికొస వెంట చూపు పోనిచ్చి, పెరటివైపు పడమటి మూల దగ్గర ఆగిపోయింది. అక్కడ తీసేసిన వంటింటి గోడ తాలూకు పునాది రాళ్ళ వరస నేలలో తెలుస్తూనే ఉంది. మేకు ఆ వరసకు అవతల, పక్కింటివాళ్ళు నడిచే సందులో దిగి ఉంది.

మాస్టారు టేపు కొస ఆమె చేతికిచ్చి, “పాత మూలల మీదే పెట్టు. మేకుల్ని వదిలెయ్. ఐమూలగా కొలుద్దాం,” అన్నారు. ఈ మూల నుంచి ఎదురు మూలకు ఇరవై అయిదు అడుగుల తొమ్మిది ముప్పావు అంగుళాలు వచ్చింది. రెండో ఐమూల ఇరవై ఆరు అడుగుల నాలుగు ముప్పావు. హైమావతి మళ్ళీ కొలిచింది. మళ్ళీ అంతే. గది మూలమట్టంగా ఉంటే రెండూ సమానంగా రావాలని ఆమెకు తెలుసు. మొదటివారమే నేర్చుకున్న పాఠం. నాలుగు పక్కలూ కొలిచిన రోజు ఐమూలలు కొలవడం ఆమెకు తోచలేదు. గోడలన్నీ ఒకదానికొకటి లంబంగానే ఉంటాయనుకుంది. లంబంగానే గియ్యమని ప్రోగ్రాంకీ చెప్పింది.

ఆ సమయంలో సందులోంచి చక్రాల కుర్చీ చప్పుడైంది. పక్కింటి పోలమ్మ మొగుణ్ణి కూర్చోబెట్టుకుని తోసుకొస్తోంది. ఆయన పేరు సింహాద్రి. పక్షవాతం వచ్చి మూడేళ్ళయింది. రోజూ ఈ వేళకి రోడ్డుమీది అరుగు దాకా తీసుకెళ్ళి, నలుగురి మధ్యా కూర్చోబెట్టి, ఎండెక్కేలోగా వెనక్కి తెచ్చుకుంటుంది. సందు సరిగ్గా ఆ పడమటి మూల దగ్గరే మలుపు తిరుగుతుంది. కుర్చీ మలుపు దగ్గరకొచ్చి ఆగింది. మేకు నుంచి మేకుకు బిగించిన పురికొస ఆయన ఛాతీకి అడ్డం వచ్చింది.

పోలమ్మ వెనకనుంచి చెయ్యి చాపేలోగా సింహాద్రి తన మంచి చేత్తో పురికొసను పైకెత్తి, తల వంచి, దాని కింద నుంచి ఇవతలికి వచ్చేశాడు. కుర్చీ చక్రం మేకును రాసుకుంటూ తిరిగింది.

“తీసేస్తానుండు అత్తా,” అంటూ హైమావతి పరుగెత్తింది.

“ఎందుకమ్మా, ఉండనీ,” అంది పోలమ్మ, కుర్చీ సరిచేసుకుంటూ. “తాడే గదా. రెండ్రోజులకి ఊడదీసేత్తారు.”

కుర్చీ రోడ్డు వైపు వెళ్ళిపోయింది. హైమావతి పురికొస పట్టుకుని అలాగే నిలబడింది. తాడు ఊడదీశాక అక్కడ గోడ లేస్తుంది, దాని కింద నుంచి కుర్చీ రాదు. ఆ తొమ్మిదంగుళాలు లాగిన రోజు చెయ్యి ఎంత తేలిగ్గా కదిలిందో గుర్తొచ్చింది.

చప్పుడు విని అప్పలనర్సమ్మ ముందింట్లోంచి వచ్చింది. చేతికి అంటిన పిండి కొంగుకి తుడుచుకుంటూ మాస్టారికి దండం పెట్టింది.

“పిన్నీ, ఈ మేకు సందులోకి వచ్చిందని నీకు కనబడలేదా?” అని హైమావతి అడిగింది. గొంతులో కోపం లాంటిది వినబడింది. ఆ కోపం ఎవరిమీదో ఆమెకే తెలీదు.

“అవుపడింది పాపా. మేస్త్రీనడిగితే, కాయితంలో ఇరవై ఒకటుంది, నాను ఇరవై ఒకటే కొట్టినాను అన్నాడు. కంపూటర్లో వచ్చింది గదా, మా మావే నెక్క తప్పీసి కట్టించేడేమోననుకున్నాను.”

“లెక్క తప్పారా?” అని మాస్టారు మెల్లగా అడిగారు.

అప్పలనర్సమ్మ నవ్వింది. “ఎక్కడి నెక్క బాబూ. అప్పుట్లో పోలమ్మ అత్తోరికి ఒక పాడి గేదె ఉండీది. ఈ మూల కాడ అది తిరగలేక కొమ్ములు గోడకి కొట్టీసుకునీది. ఓపాలి కొమ్మిరిగి నెత్తురు కారింది. అది సూసి మా మావ, కట్టిన గోడ సగం ఇప్పించీసి, ఎనక్కి ఏటవాలుగా తిప్పి కట్టించేడు. మా అత్త నెల్లాళ్ళు మాటాడనేదంట, మన గది తగ్గించీసినావని. ఆ గేదె పోయి శానా కాలమైంది. గోడ అలాగుండిపోనాది.”

హైమావతి వంగి మేకు పట్టుకుని ఊపింది. గట్టిగా దిగింది, రాలేదు. మాస్టారు సాయం చేయబోలేదు. ఆమె ఒక రాయి తీసుకుని అటొక దెబ్బా ఇటొక దెబ్బా వేసి, రెండు చేతులతో లాగి పీకింది. పాత రాళ్ళ వరస మీద, అసలు మూలలో పాతింది. పురికొస మళ్ళీ బిగించింది. మేస్త్రీకి ఫోను చేసి, “అన్నా, తప్పు నాది. నేనిచ్చిన ప్లాను చించెయ్యండి. సాయంత్రం కొత్తది పట్టుకొస్తాను,” అని చెప్పింది. అవతల మేస్త్రీ ఏదో విసుక్కున్నాడు. ఆమె పూర్తిగా విని, “తప్పు నాదే,” అని రెండోసారీ అంది.

మేడమీది గదికి తిరిగొచ్చాక ఆమె మొదట పాత ఫైలుకి తేదీ వేసి, దాన్ని పక్కన భద్రం చేసింది. కొత్త ఫైలు తెరిచింది. గీతలన్నీ లంబంగానే పోవాలన్న సెట్టింగు తీసేసింది. పాత గోడ గీసింది, దాన్నుంచి తూర్పు పక్క పదహారు అడుగులు. తరవాత టేపుతో వచ్చిన ఐమూల కొలతలు రెండూ ఇచ్చి, నాలుగో మూల ఎక్కడ పడాలో పట్టుకుంది. ఆ మూలకి పెరటి గోడ తీసుకెళ్ళేసరికి, ఇరవై అడుగుల మూడంగుళాల దగ్గర, ఎవరూ లాగకుండానే అది పడమటి గోడని తాకింది. ఎరుపు రాలేదు. నేల పరుచుకుంది, కప్పు కూర్చుంది. పడకగదిలో బీరువాకి చోటు చాలకపోతే దాన్ని తూర్పు గోడకి మార్చింది. ఈ పనంతా అయ్యేదాకా మాస్టారు వెనకే నిలబడి ఉన్నారు.

ప్రింటరు కాగితం బయటికి తోస్తూండగా హైమావతి కుర్చీ తిప్పి కూర్చుంది. పొద్దున్న అడిగిన ప్రశ్న ఆమెలో ఇంకా మిగిలే ఉంది, కానీ రూపం మారింది.

“పాపం ఆ ప్రోగ్రాం మొదటి రోజు నుంచీ నిజమే చెబుతోంది మాస్టారూ. దాన్ని పీకి, మళ్ళీ వేసి, చివరికి నోరు మూయించాను. ఇకమీదట అది ఏం చెబితే అది నమ్ముతాను.”

పరదేశి మాస్టారు కాగితం అందుకుని, వెలుతురు వైపు పట్టి, ఆ పడమటి మూలను కాసేపు చూశారు.

“తొమ్మిదంగుళాలు తేడా ఉందని దానికి తెలుసమ్మా,” అన్నారు. “గేదె సంగతి తెలీదు.”