లోపలికి తెరుచుకునే తలుపు

నబీ రసూల్‌కి మనుషుల్ని అనుమానించడం కొత్త కాదు. కానీ ఆ వారం అతని అనుమానం అటూ ఇటూ తిరగడం మానేసి ఒక్క మనిషి మీద వచ్చి కూర్చుంది. ఆ మనిషిని దర్గా నుంచి పంపించెయ్యమని గురువుగారిని అడగాలని నిశ్చయించుకున్నాడు.

ఆ దర్గా ఆదోని పక్కన పత్తి మిల్లుల వెనక ఉంది. అక్కడి గురువు ఉసేని తాత. వయసులో ఉన్నప్పుడు దూది ఏకి పరుపులు కుట్టినవాడు. ఆ ధూళి ఇంకా ఛాతీలోనే ఉండిపోయి, నాలుగు మాటలు మాట్లాడితే దగ్గు వచ్చేది. అందుకని ఆయన నాలుగు మాటలు దాటనిచ్చేవాడు కాదు.

రసూల్ ఆయన శిష్యుడు. ఊళ్ళో ఇళ్ళకు ప్లాన్లు గీసే ఇంజినీరు. దర్గా ముందు కడుతున్న రెండంతస్తుల హాలు అతను గీసిందే. గురువారాల్లో, ఉరుసు రోజుల్లో కింద మగవాళ్ళు, పైన ఆడవాళ్ళు కూర్చుని తత్వాలు పాడుకోవడానికి అది.

కొన్నేళ్ళ కిందట పాత రేకుల షెడ్డులోంచి దర్గా వంటపాత్రలు పోయాయి. రాగి డేగిసాలతో సహా పోయాయి. ఎవరు తీశారో తేలలేదు. పాత్రలు పోయినదానికంటే దొంగ తేలకపోవడమే రసూల్‌ని ఎక్కువ తినేసింది. ఆ మంటలోనే హాలు ప్లాను గీశాడు. ఒకటే ద్వారం, ఒకటే మెట్లదారి, కిటికీలన్నిటికీ ఇనుప చువ్వలు. టేకు తలుపులు లోపలికి తెరుచుకునేవి, వెనక అడ్డగడియ. సామాన్ల గదికి వదిలిన కిటికీని కూడా తర్వాత ఇటుకలతో మూయించేశాడు.

"ఈగైనా సరే, నన్ను అడిగే లోపలికి రావాల," అని చెప్పుకునేవాడు. గొప్పగానే చెప్పుకునేవాడు.

ఆ హాలులో అతనికి ప్రాణమైనది మాత్రం వేరే ఉంది. ద్వారానికి ఎదురుగా, అటు చివరి గోడకి ఎర్ర ఇటుకతో ఒక కమాను కట్టించాడు. తాత కూర్చోవడానికి. మేస్త్రీ పక్కనే నిలబడి, నచ్చని ఇటుక పీకించి, నచ్చింది పెట్టించాడు. ఉరుసు నాడు తాత ఆ కమాను కింద కూర్చుని ఉంటే అందరూ చూడాలని అతని కోరిక.

మధ్యలో చందాలు రాక పని ఆగిపోయింది. మళ్ళీ మొదలై సున్నం దాకా వచ్చేసరికి పాత అనుమతి గడువు దాటిపోయింది. ఈలోగా నియమాలు మారాయి. కొత్తగా అర్జీ పెట్టుకుంటే, హాలు చూడ్డానికి ఫైర్ ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడు. చెప్పులు బయటే విడిచి, టేపు చేత్తో పట్టుకుని, ఏమీ మాట్లాడకుండా అంతా తిరిగాడు. మాట్లాడకుండా తిరిగేవాళ్ళంటే రసూల్‌కి మొదటినుంచీ పడదు.

"రెండో మెట్లదారి కావాలండీ," అన్నాడు ఆఫీసరు చివరికి. "మొదటిదానికి దూరంగా ఉండాలి. ఆ చివర అయితే సరిపోతుంది."

ఆ చివర అంటే కమాను ఉన్న గోడ.

"ప్లాను ఎప్పుడో పాసైంది సార్."

"అప్పటి నియమాలకి పాసైందండీ. ఇంతమంది చేరే చోటికి ఇప్పుడది చాలదు. తలుపులు కూడా బయటికి తెరుచుకోవాలి. గడియ తీసేసి, లోపలినుంచి తోస్తే తెరుచుకునే అడ్డకడ్డీ పెట్టండి. బయటివైపు తాళం ఉంచుకోవచ్చు. సామాన్ల గదికి కిటికీ తెరిపించండి."

"ఎవురు తోసినా తెరుచుకుంటాదా?"

"ఎవరు తోసినా."

"పొద్దున్నే దూరి లోపల దాక్కున్న దొంగ, రాత్రికి సామానెత్తుకోని తోసుకోని పోతే?"

ఆఫీసరు టేపు చుట్టుకుంటూ కాసేపు ఆలోచించాడు. "పోతాడండీ," అన్నాడు.

వేళాకోళమో నిజాయితీయో రసూల్‌కి అర్థం కాలేదు. చెయ్యి తడపమంటున్నాడేమోనని ఒక మాట అటుగా వదిలి చూశాడు. ఆఫీసరు దాన్ని పట్టుకోలేదు. తీసుకునేవాణ్ణి రసూల్ అర్థం చేసుకోగలడు. తీసుకోనివాడు ఇంకేదో మనసులో పెట్టుకుని వచ్చాడని అతని లెక్క.

వెళ్ళబోతూ ఆఫీసరు మెట్ల దగ్గర ఆగాడు. "పోయిన ఉరుసుకి ఇక్కడ తోపులాట అయిందట కదా. ఒకావిడ చెయ్యి విరిగిందని విన్నాను."

నిజమే, పోయిన ఉరుసుకి అరకొరగా ఉన్న హాల్లోనే ఆడవాళ్ళని పైన కూర్చోబెట్టారు. దిగేటప్పుడు అందరూ ఒక్కసారి ఆ ఒక్క మెట్లదారి మీద పడ్డారు. మెట్లు తడిగా ఉండి ఆమె జారిందని రసూల్ అందరికీ చెప్పాడు. తనకి తానూ అదే చెప్పుకున్నాడు. తోపులాట అన్న మాట దర్గా మనుషుల్ని దాటి ఆఫీసుల దాకా పోలేదనే అతని నమ్మకం.

మరి ఆఫీసరుకి ఎవరు చెప్పినట్టు?

ఆ రాత్రి అతనికి నిద్ర లేదు. తెల్లవారేసరికి మనిషి దొరికాడు. సుంకన్న.

సుంకన్న దర్గాలో వంట చేస్తాడు. భార్య పోయాక ఊరొదిలి వచ్చి, తాత కాళ్ళ దగ్గర ఉండిపోయాడు. అతనికి వేరే ఇల్లు లేదు. ఆ ఉరుసునాడు మెట్ల కింద నిలబడి, పడ్డావిడని ఎత్తుకొచ్చింది అతనే. అప్పటినుంచి "ఇంగో పక్క గూడా మెట్లుంటే బాగుంటాది సార్" అని ఒకటికి రెండుసార్లు అన్నాడు. అన్నిటికంటే ముఖ్యం, ఆఫీసరు వచ్చిన రోజు ఎవరూ అడక్కుండానే మజ్జిగ తెచ్చిచ్చాడు. రసూల్‌కి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

నేరుగా వంట దగ్గరికి వెళ్ళాడు.

"ఆఫీసుకి ఎప్పుడు పోయినావు?"

"యా ఆఫీసుకి సార్?"

"నాతో నాటకాలొద్దు."

సుంకన్న గరిటె ఆపి అతని మొహంలోకి చూశాడు. "నేను ఈడ్నించి కదిలితే అన్నం మాడుతాది సార్. యాడికి పోయేది నేను?"

ఇంత నెమ్మదిగా చెప్పేవాడు అబద్ధమే చెబుతాడని రసూల్ అనుకున్నాడు. గట్టిగా అరిచి ఉంటే, అరిచినందుకు నమ్మేవాడు కాదు. అనుమానం పట్టినవాడితో వచ్చిన చిక్కే అది.

సాయంత్రం తాత దగ్గర కూర్చున్నాడు. "తాతా, ఈడ కూడు తిని బయట చెప్పేటోడు మన మధ్యన ఉండాడు. సుంకన్నే. వాణ్ణి పంపించండి. కమాను పగలగొట్టమంటాండారు వాళ్ళు. వాడన్నా ఉండాల, నేనన్నా ఉండాల."

తాత తస్బీ పూసలు తిప్పుతూ విన్నాడు. "గురువారం రా. సాంబ్రాణి ఏసేటప్పుడు మాట్లాడదాం."

గురువారం సాయంత్రం రసూల్ వచ్చేసరికి తాత నిప్పులు నింపిన సాంబ్రాణి ధూపదాని చేత్తో పట్టుకుని ఉన్నాడు. మామూలుగా దాన్ని సమాధి చుట్టూ తిప్పుతారు. ఆరోజు తాత హాల్లోని సామాన్ల గదివైపు నడిచాడు.

"లోపల కూర్చుందాం. ఎవురూ వినకూడదు గదా."

రసూల్‌కి సంతోషమైంది. తాత కూడా తనలాగే ఆలోచిస్తున్నాడు.

గదిలో డేగిసాలు, చాపలు, మడిచిన చాదర్లు. నెత్తిమీద ఒక్క బల్బు. ఆ గది తలుపు కూడా లోపలికి తెరుచుకునేదే. తాత దాన్ని లోపలినుంచి మూశాడు. ధూపదాని నేలమీద పెట్టాడు. తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. సంచిలోంచి గుప్పెడు సాంబ్రాణి తీసి నిప్పుల మీద వేశాడు.

"చెప్పు," అన్నాడు.

రసూల్ మొదలుపెట్టాడు. మెట్ల మాట, మజ్జిగ మాట, ఆ నెమ్మది జవాబు. చెబుతున్నకొద్దీ అతనికే కేసు గట్టిగా కనిపించింది. తాత ఇంకో గుప్పెడు వేశాడు. పొగ పైకి లేచి, పోవడానికి దారి దొరక్క, కప్పు దగ్గర చేరి మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది. కిటికీ ఉండాల్సిన చోట ఇటుకలు ఉన్నాయి.

రసూల్ కళ్ళు మండాయి. మాట మధ్యలో దగ్గాడు. "తాతా, పొగ ఎక్కువైంది. తలుపు తీస్తా. రవ్వంత జరగండి."

తాత కదల్లేదు. అతనివైపు అనుమానంగా చూశాడు. ఆయన అలా చూడ్డం రసూల్ ఎప్పుడూ ఎరగడు.

"ఈ మాట నీతో ఎవురు చెప్పిచ్చినారు?"

"ఎవురూ లేదు తాతా. ఊపిరాడలేదు."

"సుంకన్న చెప్పిచ్చినాడా?"

"లేదు తాతా, నేనే చెప్తాండా. పొగ మీకు గూడా కనపడతాంది గదా."

తాత జవాబివ్వబోయాడు. దగ్గు వచ్చింది. ఒకసారి మొదలయ్యాక అది ఆగలేదు. ముసలి ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. రసూల్ భయపడిపోయాడు. లేచి తలుపు రింగు పట్టుకుని లాగాడు. తలుపు రెండు వేళ్ళ మేర కదిలి తాత బరువుకి ఆగింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ ఆగింది. ఎముకల గూడులాంటి మనిషి. చిన్నపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి పక్కన పెట్టొచ్చు. కానీ అది గురువు ఒళ్ళు. ఆయన కాళ్ళకి తప్ప రసూల్ చెయ్యి ఎన్నడూ ఎక్కడా తగల్లేదు.

మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "జరగండి తాతా. మీకు దండం పెడతా."

"నేనెట్ల జరిగేది?" తాత దగ్గుల మధ్య అన్నాడు. "ఎంతమంది నన్ను నూకుతాండారో సూడు."

రసూల్ చూశాడు. గదిలో పొగ తప్ప ఎవరూ లేరు. ఆ పొగలో అతనికి పోయిన ఉరుసు మెట్లు కనిపించాయి. కింద పడ్డావిడ, ఆమె మీద ఇంకొకామె, ఆపైన చీరలు, చేతులు. ఆరోజు మెట్లు తడిగా లేవు.

అతను గట్టిగా కేక పెట్టాడు. ఆ నిమిషంలో నోటికి ఒక్క పేరే వచ్చింది.

"సుంకన్నా!"

బయట పరుగెత్తిన చప్పుడు. "ఏమైంది సార్? తలుపు నూకమంటారా?"

"నూకొద్దు. తాత ఆనుకోనుండాడు."

తలుపుకి ఇటు ఒకడు, అటు ఒకడు. ఇద్దరిలో ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు.

అప్పుడు తాత ఒక చెయ్యి నేలమీద ఊని పక్కకి జరిగాడు.

ముగ్గురూ బయట అరుగు మీద కూర్చున్నారు. సుంకన్న ముందు తాతకి నీళ్ళిచ్చాడు, తర్వాత రసూల్‌కి. చెంబు తానే పట్టుకుని తాగించాడు. తాత దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

"ఆఫీసరుకి ఉరుసు సంగతి చెప్పింది నేను," అన్నాడు తాత.

రసూల్ తలవంచుకునే అడిగాడు. "నా మీద నమ్మకం లేదా తాతా?"

"నీ మీద ఉండాది. తలుపు మీద లేదు."

సుంకన్న చెంబు తీసుకుని వంట దగ్గరికి పోయాడు. పొయ్యి మీద అన్నం ఉంది.

మర్నాడు మేస్త్రీలకంటే ముందే రసూల్ హాలుకి వచ్చాడు. కమాను ముందు కాసేపు నిలబడ్డాడు. ఎక్కడిదాకా పగలగొట్టాలో తన చేత్తోనే సుద్దముక్కతో గీత గీశాడు. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాల్సి వచ్చి సుంకన్నని పిలిచాడు. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"తప్పు నాది సుంకన్నా. నిన్ను ఎల్లగొట్టాలని చూసినా."

"టేపు బిగించి పట్టుకోండి సార్. వంగుతాంది," అన్నాడు సుంకన్న.

ఉరుసు వచ్చింది. గోడ పగిలి వంపు మిగిలిన కమాను ఇప్పుడు రెండో మెట్లదారికి ద్వారం. దాని కిందుగా ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని దిగుతున్నారు, మాట్లాడుకుంటూ, తొందర లేకుండా. పోయిన ఏడు చెయ్యి విరిగినావిడ కూడా వాళ్ళలో ఉంది. సామాన్ల గది కిటికీలోంచి గాలి వస్తోంది.

తాత పెద్ద తలుపు దగ్గరికి వచ్చాడు. తలుపు మూసి ఉంది. నడుముకి అడ్డంగా కొత్త కడ్డీ. దానిమీద అరచెయ్యి పెట్టి తోశాడు. తలుపు బయటికి తెరుచుకుంది. వెనక నిలబడ్డ రసూల్‌ని చూడకుండానే అడిగాడు.

"లోపల దాక్కున్న దొంగ తోసుకోని పోతే?"

రసూల్ ఆ తెరిచిన తలుపువైపు చూశాడు.

"పోనీ తాతా. వాడు గూడా లోపలున్నోడే గదా."

తాత కడ్డీ వదిలేశాడు. తలుపు దానంతటదే మళ్ళీ మూసుకుంది. అలవాటుగా దానికి వీపు ఆనించి కూర్చోబోయాడు. ఆగి, పక్కకి జరిగి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు.