బఠాణీ చేనూ, చేతికర్రా

బసలింగానికి మొదట్లో పురుగంటే ఒళ్ళు జలదరించేది. తర్వాత కోపం వచ్చేది. ఇరవై రోజులు గడిచేసరికి ఆ రెండూ పోయి ఒట్టి అలసట మిగిలింది. తెల్లారుతూనే మఠం బఠాణీ చేలోకి దిగడం, ఆకు ఆకూ తిప్పి పురుగుల్ని ఏరి సబ్బునీళ్ళ డబ్బాలో వేయడం, ఎండెక్కాక నడుం పట్టుకుని గట్టు మీద కూలబడటం. ఇంత చేసినా మర్నాడు చూస్తే కాయలకు మళ్ళీ కన్నాలే.

మఠానికి వచ్చేపోయేవాళ్ళకు ఏడాది పొడుగునా పప్పు ఆ రెండెకరాల్లోంచే రావాలి. అది పోతే విస్తట్లో ఒట్టి అన్నమే. అంతటి పంటను నేనొక్కణ్ణే చూసుకుంటానని పదిమందిలో అన్నవాడు బసలింగమే. సాయం వస్తానన్న తోటి శిష్యుడు వీరన్నను, నువ్వు మొక్కలు తొక్కుతావు పొమ్మని గట్టు కూడా దాటనివ్వలేదు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు?

చివరికి ఒకనాటి పొద్దున గురువు మడివాళయ్య ముందు నిలబడ్డాడు.

"అయ్యా, చేను పోయింది. దున్నేద్దాం."

నాకు చేతకావడం లేదనడం కన్నా చేను పోయిందనడం అతనికి తేలిక.

ఎనభై ఏళ్ళ మడివాళయ్య చేతికర్ర అందుకుని లేచాడు. "దున్నుదాం తియ్యి. ముందు ఒక్కసారి చూసొద్దాం పా."

మోకాళ్ళ నొప్పులతో ఆయన ఆ కాస్త దూరం నడవడానికి చాలాసేపు పట్టింది. చేను చేరాక డబ్బాలోకి తొంగి చూశాడు.

"ఇవన్నీ దాసరి పురుగులే కద బిడ్డా."

నడుం పైకెత్తి, మళ్ళీ వంగి, అడుగడుక్కీ దణ్ణం పెడుతున్నట్టు నడిచే పురుగులవి. ఆకు మీద ఇట్టే కనబడతాయి, ఇట్టే చేతికొస్తాయి.

గురువు కష్టపడి వంగి ఒక తీగ పైకెత్తాడు. కాయకు గుండ్రటి కన్నం. అందులో తల దూర్చి, సగం ఒళ్ళు బయట పెట్టుకుని, అచ్చం కాయ రంగులోనే ఉన్న పురుగు ఒకటి తీరిగ్గా తింటోంది.

"శనగపచ్చ పురుగు. గింజ తినేది ఇది. నువ్వేమో దండం పెట్టేటోళ్ళనే పట్టుకుంటున్నవు," అని నవ్వాడు.

బసలింగానికి నవ్వు రాలేదు. ఇరవై రోజుల చాకిరీ వృథా అయిందనిపించి ఏడుపొచ్చింది.

అంతలో తోక చీలిన నల్లపిట్ట ఒకటి చేను మీద తిరిగింది. బసలింగం చెయ్యి అలవాటుగా పైకి లేచింది. "హోయ్!" అని అదిలించాడు.

"ఎందుకు తోలినవు?"

"గింజలు తింటదని అయ్యా. రోజూ తోల్తనే ఉన్న."

"దాన్నా?"

ఆ ఒక్క మాటే అని, మడివాళయ్య రెండు సాళ్ళ మధ్యకు పోయి తన చేతికర్రను నేలలో గుచ్చాడు. మెత్తటి నల్లరేగడి కాబట్టి దిగింది. కదిపి చూసుకుని, తడబడుతూ వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. బసలింగాన్ని కూడా కూర్చోమన్నాడు.

చాలాసేపు ఏమీ జరగలేదు. బసలింగానికి కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి నల్లపిట్ట కర్ర మీద ఉంది. ఉన్నట్టుండి కిందికి దూకింది, ముక్కున పచ్చటి పురుగుతో వచ్చి మళ్ళీ కర్ర మీదే వాలింది. మింగింది, మళ్ళీ దూకింది. కాసేపటికి ఇంకో పిట్ట వచ్చింది. వాలడానికి చోటు దొరక్క రెండు చుట్లు తిరిగి వెళ్ళిపోయింది.

ఇన్నాళ్ళూ తాను గొంతు చించుకుని తోలిన పిట్టలన్నీ బసలింగానికి గుర్తొచ్చాయి. సిగ్గుతో తల వంచుకున్నాడు.

మడివాళయ్య అతని భుజం పట్టుకుని లేచాడు. "పా, పోదాం."

"మీ కర్ర, అయ్యా?"

"అది పనిల ఉన్నది."

ఇద్దరూ గట్టు వెంట నడిచారు. గురువుగారి మోకాలు ఒకటి పూర్తిగా మొండికేసింది. ముసలాయన బరువంతా బసలింగం భుజం మీదే పడింది. అతనిది అసలే వంగి వంగి విరిగిన నడుం. పది అడుగులకే కాళ్ళు వణికాయి. పళ్ళు బిగబట్టి నడిచాడు.

"బరువైతున్ననా?"

"లేదయ్యా."

మడివాళయ్య ఆగిపోయాడు.

"బరువే. చెప్తే, ఇంకొకడు ఇంకో పక్క పట్టేటోడు."

అవతల బావి దగ్గర వీరన్న చేద చేత్తో పట్టుకుని ఇటే చూస్తున్నాడు. ఎన్నాళ్ళుగా అలా చూస్తున్నాడో. బసలింగం అటు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు.

"వీరన్నా, జర ఇటొచ్చి పట్టు."